పటం వెనక నల్ల కాగితం

పాలమూరు పల్లెల్లో పాత ఇళ్లకు పోయినప్పుడు ఒకసారి తల పైకెత్తి చూడండి. ద్వారబంధానికి పైన, దూలానికి కాస్త కింద, ముందుకు వాలినట్టుగా వరసగా పటాలు కనిపిస్తాయి. వెంకటేశ్వరస్వామి, ఆయన పక్కన ఇంటి పెద్దాయన, ఆ పక్కన ఒకే ఫ్రేములో ఇరవై ముప్పై చిన్న ఫొటోలు. పెళ్లిఫొటో ఒకటి, పాస్‌పోర్టు సైజువి నాలుగు, బతుకుదెరువుకు బొంబాయి పోయిన కొడుకు అక్కడి స్టూడియోలో దిగి పంపింది ఒకటి, పదో తరగతి గ్రూపు ఫొటోలోంచి గుండ్రంగా కత్తిరించిన తల ఒకటి. అన్నింటినీ ఒక అట్ట మీద అతికించి పైన అద్దం బిగించేవాళ్లు. విడిగా ఆల్బమ్ కొనని ఇళ్లకు అదే ఆల్బమ్.

ఆ ఫొటోలను దేంతో అతికించారో మనకెప్పుడూ అనుమానం రాదు. పటం విప్పాల్సి వచ్చిన రోజునే జిగురు గుర్తొస్తుంది.

మాది కొల్లాపురం దగ్గర కృష్ణ ఒడ్డున ఉండిన ఊరు. 'ఉండిన' అని ఎందుకంటున్నానంటే, 1981లో శ్రీశైలం జలాశయం కింద ఖాళీ చేయించిన ఊళ్లలో అదీ ఒకటి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వంద దాకా ఊళ్లు అప్పుడు నీళ్ల పాలయ్యాయి. జటప్రోలు, సోమశిల, మంచాలకట్ట గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, మిట్ట మీదికి తెచ్చి మళ్లీ కట్టారు. ఇళ్లకు నంబర్లెవరు వేస్తారు? లారీలో పట్టినంత ఎక్కించుకుని జనం బయటపడ్డారు. మా నాన్నకు మాస్టరు ఉద్యోగం కాబట్టి మేం నల్లగొండ చేరాం. మేనత్త, చిన్నాయన వాళ్లు కొల్లాపురం చుట్టుపక్కలే ఉండిపోయారు.

అట్లా లారీ ఎక్కిన సామానులో ఒక నల్ల పేజీల ఆల్బమ్ ఉండేదట. వానకు తడిసి పేజీలన్నీ ముద్దయిపోతుంటే, తాత ఒక్క ఫొటోను మాత్రం పట్టుకుని లాగాడట. అరచేతికి కొంచెం పెద్దది. తెరమీద గీసిన తోట, మెట్లు, పూలకుండీ; వాటి ముందు కుర్చీలో మా నాయనమ్మ, ఆమె ఒళ్లో రెండేళ్ల పిల్ల. నాయనమ్మవి మా ఇంటిల్లిపాదిలో ఎవరి దగ్గరా మరో ఫొటో లేదు. ఆ లాగడంలో పైమూల నుంచి ఆమె నుదుటి అంచు దాకా చిరిగింది. కొత్త ఊరికి చేరాక తాతే దాని మీద సెల్లోటేపు అంటించాడు. వెనకవైపేమో ఆల్బమ్ పేజీలోని నల్ల కాగితం నాలుగు మూలలా జిగురుతో సహా అట్లాగే ఉండిపోయింది.

నలభై ఏళ్లకు పైగా అది మేనత్త ట్రంకుపెట్టెలో చీరల మధ్య ఉంది. పోయిన ఏడు చిన్నాయన కొడుకు నాగర్‌కర్నూలులో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి నాయనమ్మ పటం కట్టించాలని వాడి ముచ్చట. నల్లగొండలో మంచి ఫ్రేములు దొరుకుతాయని ఫొటో నా చేతికొచ్చింది. వెంట మేనత్త కూడా వచ్చింది, ఫొటోను ఒక్కదాన్నీ పంపడం ఇష్టం లేక.

టేపు ప్లాస్టిక్ ఎప్పుడో ఊడిపోయింది. దాని జిగురు మాత్రం బెల్లంపాకం రంగులో ఒక పట్టీలాగా నాయనమ్మ నుదుటి మీదుగా పోయి ఉంది. షాపతను వెలుతురుకు పట్టి చూసి, "పది నిమిషాల పని సార్. థిన్నర్ పెట్టి తుడిస్తే అద్దంలా అయితది" అన్నాడు.

మేనత్త ఫొటో లాక్కున్నంత పని చేసింది. "గట్ల తుడిస్తే మా అవ్వ బొట్టు పోతది" అంది.

అతను నవ్వాడు గానీ, ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అది రంగుల ఫొటో కాదు, రంగులేసిన ఫొటో. కలర్ ఫిలిం మన ఊళ్లకు రాకముందు స్టూడియోల్లో బ్లాక్ అండ్ వైటు ఫొటో మీద సన్నకుంచెతో, దూదితో రంగులద్దేవాళ్లు. చీర అంచుకు ఆకుపచ్చ, గాజులకు పసుపు, బుగ్గలకు కాస్త గులాబీ, నుదుట ఎర్రటి చుక్క. ఆ రంగుల్లో రెండు రకాలుండేవి. నీటిరంగులైతే తడిగుడ్డ తగిలితే చాలు, కదిలిపోతాయి. నూనెరంగులైతే, వేసేవాళ్లు గీత పక్కకు పోయినప్పుడు తుడవడానికి వాడిందే టర్పెంటైను. అంటే థిన్నరుతో జిగురు పోతుందో లేదో గానీ బొట్టు మొదట పోతుంది.

ఇంటికొచ్చాక నాకు తెలిసిన ఒక పెద్దాయనకు ఫోన్ చేశాను. హైదరాబాదులో మ్యూజియం సామాన్లకు మరమ్మతులు చేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. "ముట్టుకోకుండా తీసుకు రండి. సంచిలో కాదు, రెండు అట్టల మధ్య పెట్టి" అన్నారు.

ఆయన చేసిన మొదటి పని చూసి మేనత్త తెల్లబోయింది. దూది లేదు, మందు లేదు. ఫొటోను ముందూ వెనకా పెద్ద సైజులో స్కాన్ చేశారు. చిరుగు, మరక, నల్ల కాగితం, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. "ఇకమీదట ఏం జరిగినా ఇవాళ్టి ఫొటో మనకు మిగిలి ఉంటుంది" అన్నారు. పాత ఫొటో పటం కట్టించాలనుకునేవాళ్లు ఇంకేం చేసినా చేయకపోయినా ఇదొక్కటి చేయాలని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను. స్కానర్ లేకపోతే నీడపట్టున, ఫ్లాష్ లేకుండా, సెల్‌ఫోనుతో నిలువుగా పైనుంచి తీసినా సరే.

తర్వాత ఆయన మాకు పాఠం చెప్పారు. పాతకాలపు బ్లాక్ అండ్ వైటు ఫొటో అంటే కాగితం మీద జెలటిన్ పూత. పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే పదార్థం అది. ఆ పూతలో సన్నటి వెండి రేణువులుంటాయి. మనకు నల్లగా కనిపించే జుట్టూ నీడా అంతా వెండే. జెలటిన్‌కు తడి తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, అప్పుడు వేలు పెడితే వేలిముద్రతో సహా ఊడొస్తుంది. వేడి తగిలినా మెత్తబడుతుంది. అందుకే ఆవిరి పట్టడాలు, ఇస్త్రీపెట్టె పెట్టడాలు, హెయిర్ డ్రయ్యర్ తిప్పడాలు ఇంట్లో చేయాల్సినవి కావు.

ఇక జిగురు. మన ఇళ్లలో ఫొటోలకు అంటింది సాధారణంగా మూడు నాలుగు రకాల్లో ఏదో ఒకటై ఉంటుంది. మైదాపిండి ఉడికించిన లై, వాల్‌పోస్టర్లకు రాసేదే. తుమ్మబంక. ఆ తర్వాతి కాలంలో పాలలాంటి తెల్ల గమ్ము. ఆపైన టేపు. లై, బంక నీళ్లకు లొంగుతాయి. ఎన్నేళ్లయినా కొంచెం చెమ్మ తగిలితే మళ్లీ మెత్తబడతాయి. పురుగులకు కూడా ఇష్టం. బొద్దింకలు, పుస్తకాల్లో పాకే వెండిరంగు పురుగులు లై కోసమే వచ్చి, దాంతోపాటు ఫొటోనూ కొరుకుతాయి. తెల్ల గమ్ము ఒకసారి ఆరిపోతే నీళ్లకు అంత తేలిగ్గా లొంగదు.

టేపు సంగతి పూర్తిగా వేరు. పారదర్శకమైన సెల్లోటేపును 1930లో అమెరికాలో రిచర్డ్ డ్రూ అనే ఆయన తయారుచేశాడు. దానికి చాలాకాలం వాడింది రబ్బరు, జిగట రెజిన్ కలిపిన జిగురు. గాలి తగిలేకొద్దీ అది మారుతుంది. మొదట పసుపెక్కి, నూనెలా కారి కాగితంలోకి దిగుతుంది. ఆ దశలో అయితే నిపుణులు చాలావరకు తీయగలరు. ఇంకా కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి గట్టిపడుతుంది, ప్లాస్టిక్ ఊడి పడిపోతుంది. ఇక అప్పుడది కాగితంలో కలిసిపోయిన మరకే. మన మే నెల ఎండలు, రేకు ట్రంకుపెట్టె, ఈ రెండూ కలిస్తే ఎంత తొందరగా ఆ దశకు వస్తుందో వేరే చెప్పాలా?

"మీ నాయనమ్మ నుదుటి మీద ఉన్నది ఆ ఆఖరి దశ" అన్నారాయన. బటర్ పేపరు ముక్క ఒకటి మరక మీద ఆనించి ఎత్తారు. అంటుకోలేదు. "ఆరిపోయింది. ఇది ఇంకెవరికీ అంటుకోదు, ఇంకా పెద్దగా పాకదు. దీన్ని కరిగించాలంటే వాడాల్సిన మందులు ముందు రంగును తీస్తాయి. కరిగిన జిగురు చిరుగులోంచి లోపలికి పోయి వెడల్పుగా ఇంకో మరక వేస్తుంది. ముట్టుకోవద్దు."

"మరి ఏం చేస్తరు సారూ?" అంది మేనత్త.

"ముందువైపు ఏమీ చేయను."

అంత దూరం బస్సెక్కి పోయింది ఏమీ చేయననిపించుకోవడానికా అని నాకు ఆ క్షణంలో అనిపించింది. ఆయన మాత్రం పైన తెల్ల అంచు మీద ఒక్కచోట, వేలి గోరంత మేర జిగురు ఇంకా బంకబంకగా ఉన్నట్టు కనిపెట్టారు. అక్కడ రంగు లేదు, బొమ్మ లేదు. క్రేప్ రబ్బరు ముక్క తీసుకుని, రుద్దకుండా, అద్దుతూ ఎత్తుతూ, భూతద్దంలో చూసుకుంటూ ఆ కాస్తా తీశారు. అదెందుకంటే, అంటుకునే గుణం ఉన్న జిగురు ఏదైనా ఫ్రేములో అద్దాన్నో అట్టనో పట్టుకుంటుంది. తీయాల్సింది అదొక్కటే.

అసలు పని వెనకవైపు ఉంది. నాలుగు మూలలా నల్ల కాగితం ముద్దలు ముద్దలుగా ఉండటంతో ఫొటో బల్ల మీద సమంగా కూర్చోవడం లేదు. అట్లాగే ఫ్రేములో బిగిస్తే ఆ ఎత్తుల దగ్గర ముందువైపు అద్దానికి ఒరుసుకుంటుంది. పైగా ఆ చవకరకం నల్ల కాగితంలోని ఆమ్లం ఫొటోలోకి దిగుతుంది. అందుకని ఎత్తుగా ఉన్నంతవరకు తగ్గించాలి. జిగురు చూస్తే లై. నీళ్లకు లొంగుతుంది. కానీ అవతలివైపు రంగులున్నాయి కదా, తడి అటు దాటకూడదు.

"నీళ్లు మీ ఊరివి మాత్రం తేవద్దు" అని నవ్వారు. నల్లగొండ బోరునీళ్లు స్టీలుగ్లాసులో పోసి ఆరబెడితే తెల్లటి చారలు మిగులుతాయని మాకు తెలిసిందే. ఫొటో మీదా అదే మిగులుతుంది. ఆయన డిస్టిల్డ్ వాటర్ వాడారు. దూదిపుల్లను ముంచి, దాన్ని మళ్లీ అద్దుడుకాగితం మీద ఒత్తి, తడి ఉందా లేదా అన్నంత మాత్రమే ఉంచి, నల్ల కాగితం మీద దొర్లించారు. ఒక నిమిషం. తర్వాత మొండి వెదురుపుల్లతో పొర లేపడం. మళ్లీ అద్దుడుకాగితం వేసి, పైన బరువు పెట్టి, పూర్తిగా ఆరేదాకా ఆగడం. ఒక్కో మూలకు ఒక ఆదివారం పట్టింది. మేనత్త ప్రతివారం నాతో వచ్చింది. ఆమె చూస్తుండగా తప్ప ఫొటోకు అట్ట విప్పడానికి వీల్లేదు మరి.

రెండో ఆదివారం కింది మూలలో దూది ఊదారంగుకు తిరిగింది. ఆయన చెయ్యి వెంటనే ఆగిపోయింది. "రబ్బరుస్టాంపు సిరా" అన్నారు. ఆ సిరాకు నీళ్లు పడవు. అక్కడినుంచి ఆ మూల తడి లేకుండా, పొడిగా, కాగితాన్ని పొరలు పొరలుగా చీలుస్తూ వచ్చారు. కొంత నల్లదనం ఉండిపోయినా పట్టించుకోలేదు. స్టూడియో పేరు సగం పోయింది గానీ, ఇంగ్లిషు అక్షరాల్లో ఊరిపేరు మిగిలింది. కర్నూలు.

మాకు వింతగా తోచింది. ఫొటో కొల్లాపురంలో తీయించిందని మా ఇంట్లో అందరి నమ్మకం. ఈ కాలం పిల్లలకు కర్నూలు అంటే బస్సెక్కితే వచ్చే ఊరు. నాయనమ్మ కాలానికి అది వేరే రాజ్యం. కృష్ణకు ఇవతల నిజాం, అవతల మద్రాసు రాష్ట్రం.

మూడో ఆదివారం పై మూల కాగితం కింద పెన్సిలు రాత బయటపడింది. పెన్సిలు నీళ్లకూ భయపడదు, మందులకూ అంత తొందరగా లొంగదు. అందుకే ఫొటోల వెనక ఏమైనా రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా, అంచున రాయమంటారు. బాల్ పెన్నుతో ఒత్తి రాస్తే ఆ గీతలు ముందువైపు ముఖాల మీద తేలతాయి. రాత చక్కగానే ఉంది, మాకెవరికీ చదవరాలేదంతే. ఉర్దూ.

తాత చదువు ఉర్దూలోనే. నిజాం కాలంలో బడి చదువూ కచేరి కాగితాలూ ఆ భాషలోనే నడిచేవి. తాత పట్వారీ దగ్గర లెక్కలు రాసేవాడు. ఆయన తర్వాత మా ఇంట్లో ఆ లిపి చదివేవాళ్లు లేకుండా పోయారు. ఒక తరం దాటేసరికి తాత చేతిరాత మనవలకు బొమ్మగీతలై కూర్చుంది. మా వీధిలో ఉర్దూ టీచరుగా రిటైరైన సాబ్ ఒకాయన ఉన్నారు. సెల్‌ఫోనులో స్కాన్ చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చదివారు. మొదట మా నాయనమ్మ పేరు. దాని కింద ఇంకో పేరు, ఆడపిల్లది. దాని కింద 1357 ఫసలీ.

ఫసలీ అనేది నిజాం సర్కారు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. ఏడాది మధ్యలో మారుతుంది కాబట్టి 1947-48 అనుకోవాలి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, హైదరాబాదు సంస్థానం ఇంకా కలవని ఏడాది. రజాకార్ల భయానికి నిజాం ఊళ్ల జనం ఎంతోమంది సరిహద్దు దాటి యూనియన్ వైపు తలదాచుకున్న కాలం. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17 నాటికి ముగిసింది. ఆ తర్వాతే చాలామంది తిరిగి ఇళ్లకు చేరారు.

మేనత్త పుట్టింది పోలీసు చర్య అయిన మూడో ఏడు. నాన్న ఆమె తర్వాత. చిన్నాయన ఇంకా తర్వాత.

మరి ఒళ్లో ఉన్న పిల్ల మేనత్త కాదు.

ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. డెబ్బై నాలుగేళ్లుగా ఆ ఫొటోలోది తనేననుకుంటున్న మనిషి. మనవరాళ్లకు చూపించి, "నీ ముక్కు నా ముక్కే చూడు" అని మురిసిన మనిషి. సాబ్ చదివిన పేరును చదివినట్టే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"మా అవ్వ ముసల్దయినంక నన్ను అప్పుడప్పుడు గా పేరుతోని పిలిచేది. మతి తప్పిందనుకున్నం."

ఇంకాసేపటికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నాయనమ్మ చెల్లెలు ఎప్పుడో ఒకసారి, "నీ ముందల ఒక పిల్ల పోయింది" అని, పేరడిగితే మాట మార్చింది. రజాకార్ల ఏడు పుట్టి ఎక్కి అద్దరికి పోయినమని తాత అంటుండేవాడు. ఎందుకు పోయారో, ఎన్నాళ్లున్నారో చెప్పేవాడు కాదు. ఆ పిల్ల అద్దరినే పోయిందో, తిరిగొచ్చాక పోయిందో ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు. లారీలో తడిసిపోతున్న ఆల్బమ్‌లోంచి తాత ఈ ఒక్క ఫొటోనే ఎందుకు లాగాడో మాత్రం మాకు ఇప్పుడు కొంత అర్థమైంది.

ఆ రోజుల్లో పల్లెటూరి ఆడమనిషి కెమెరా ముందు కూర్చోవడమే అరుదు. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో స్త్రీల కోసమే జెనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లిషు మహిళ చేతికి అప్పగించాడు. అది గొప్పింటివాళ్ల సంగతి. ఆ తర్వాత యాభై ఏళ్లకు కూడా మా నాయనమ్మలాంటివాళ్లకు జన్మకో ఫొటో. ఆ ఒక్కదాని వెనక నల్ల కాగితాన్ని షాపులో బకెట్లో నానబెట్టి బ్లేడుతో గీకేసి ఉంటే ఏమయ్యేది? పెన్సిలును బ్లేడు గీకేసేది, స్టాంపు నీళ్లలో కలిసేది, బొట్టు ఎటూ పోయేది. ఫొటో శుభ్రంగా ఉండేది.

పటం కట్టే దగ్గర మళ్లీ ఇంట్లో చర్చ నడిచింది. చిన్నాయన కొడుక్కి నుదుటి మీద మరక ఇష్టం లేదు. "కొత్తింట్లో చిరిగిన ఫొటో ఏందన్నా" అన్నాడు. వాడి మాటా కొట్టిపారేసేది కాదు. స్కాన్ నుంచి కంప్యూటరులో చిరుగు కలిపించి, మరక తీయించి, పెద్ద సైజు ప్రింటు వేయించాం. బొట్టు జోలికి మాత్రం పోవద్దని డిజైనరు పక్కన కూర్చుని మరీ చెప్పాల్సి వచ్చింది, అతను దాన్ని ఇంకా గుండ్రంగా చేస్తానంటాడు. గృహప్రవేశం నాడు దండ వేసింది, కుంకుమ పెట్టింది, అగరొత్తులు వెలిగించింది ఆ కాపీకే. కుంకుమ పెడితే అద్దం మీదే పెట్టాలి, తడిగుడ్డతో తుడిస్తే నీళ్లు ఫ్రేము సందులోకి దిగకూడదు. దీపం పొగ, ఎదురెండ, వానాకాలం చెమ్మ పట్టే బయటిగోడ, ఇవేవీ అసలు ఫొటోకు తగలకూడదు. కాపీకి ఏమైనా మళ్లీ ప్రింటు వేసుకోవచ్చు.

అసలు ఫొటో మేనత్తది. ఆమెకు మరకతోనే కావాలి. "మా నాయిన అంటిచ్చిన పట్టీ గది. ఉండనీ" అంది. మరకలో అందం ఉందని నేననను. కానీ తీసే దారి లేనప్పుడు, ఉంటే నష్టం లేనప్పుడు, దాన్ని వదిలేయడం కూడా ఒక పనేనని ఆ పెద్దాయన దగ్గర చూశాను. ఆయన చెప్పినట్టు ఆమ్లం లేని మౌంటు అట్ట తెప్పించాం. ఫొటోకు ఎక్కడా జిగురు రాయలేదు, మూలలకు కాగితపు గూళ్లు చేసి వాటిలో కూర్చోబెట్టాం. పైన కిటికీలా కత్తిరించిన ఇంకో అట్ట వేస్తే ఫొటోకూ అద్దానికీ మధ్య గాలాడే సందు మిగిలింది. అద్దాన్ని నేరుగా ఆనిస్తే చెమ్మకు జెలటిన్ దానికే అతుక్కుపోతుంది. అట్లా ఇప్పటికే అతుక్కుపోయినవి మీ ఇంట్లో ఉంటే పీకవద్దు, అద్దంతో సహా స్కాన్ చేయించి అట్లాగే ఉంచండి. లామినేషన్ మాత్రం ఎంతమంది చెప్పినా చేయించకండి. వేడికి కరిగిన ప్లాస్టిక్‌ను ఫొటో నుంచి విడదీయడం ఎవరి తరమూ కాదు. ముంపు ఊళ్లవాళ్లం 98వ నంబరు జీవో ఉద్యోగాల కోసం దాచుకున్న కాగితాలన్నీ లామినేషన్ చేయించాం, అది వేరే కథ.

మేనత్త ఆ ఫ్రేమును గోడకు కొట్టించలేదు. పూజగూటి పక్క అలమారలో, వెలుతురు పడని చోట నిలబెట్టింది. వెనకవైపు స్కాన్‌ను కూడా ప్రింటు తీసి, పోస్టుకార్డంత అట్టకు చేసి ఇచ్చాను. దాని మీద ఉర్దూ రాత కింద తెలుగులో ఆ రెండు పేర్లు ఆమె మనవరాలి చేత రాయించుకుంది. చిన్నాయన కొడుకు తన పెద్ద పటం కింద అంతవరకు 'నాయనమ్మ' అని ఒక్కమాటే వేయించాడు. విషయం తెలిశాక దాన్ని విప్పించి రెండో పేరు కూడా చేర్పించాడు.

ఈ సంగతి ఫోనుల్లో చుట్టాలందరికీ పాకింది. మొన్న భివండీలో స్థిరపడ్డ మా బంధువు ఒకతను వాట్సాప్‌లో తన ఇంటి పటం పంపాడు. నేను మొదట్లో చెప్పానే, ఒకే అట్ట మీద ముప్పై ఫొటోల పటం, అట్లాంటిదే. "బావా, వీటి వెనక కూడా ఏమన్నా రాసిండ్రేమో, పీకి చూడాల్నా?" అని అడిగాడు.

పీకొద్దన్నాను. ముందు అద్దం మీదుగా ఒకటి, అద్దం తీశాక ఒకటి ఫొటో తీయమన్నాను. లైయో, తెల్ల గమ్మో అట్ట అంచున ఊడిన చుక్క ఉంటే దాని మీద తడి వేలు పెట్టి చూడమన్నాను, ఫొటో మీద కాదు. గట్టిగా పట్టుకుని ఉన్నవాటి జోలికి పోకుండా, వాటంతట అవే సగం లేచినవి ఉంటే వాటి కింద చూడమన్నాను. పళ్ల సందుల్లో తిప్పుకునే సన్నదారం ఉంటుంది కదా, 1980ల తర్వాత వచ్చిన జిగురు పేజీల పెళ్లి ఆల్బమ్‌లకైతే అది మెల్లగా కిందినుంచి లాగితే కొన్నిసార్లు విడిపోతాయని కూడా చెప్పాను.

మగ్గాలకు సెలవుండే రోజు చూసి అద్దం విప్పుతానన్నాడు. వాళ్లమ్మను పక్కన కూర్చోబెట్టుకోమని చెప్పాను. ఆ ముఖాల్లో సగం పేర్లు ఆమెకే తెలుసు.